కొండ మీది గుండు మీద అనుమానం: ఒక హాస్టల్ వైఫై డైరీ

జూన్ 14, శనివారం

పొద్దున్నే పిన్ని ఫోన్. "నెట్టు నిమిషం పాటు చచ్చిపోయి మళ్లీ బతుకుతోందిరా. రోజుకి నాలుగైదుసార్లు. పిల్లలు నా ప్రాణం తీస్తున్నారు. నువ్వు ఆ కొత్తవి పెట్టిన దగ్గర్నుంచే."

ఆ ఆఖరి మాట గుచ్చుకుంది. పిన్ని అంటే సొంత పిన్ని కాదు, అమ్మ స్నేహితురాలు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో లేడీస్ హాస్టల్ నడుపుతోంది. గ్రౌండ్ ఫ్లోర్, దాని మీద మూడంతస్తులు, డాబా మీద రేకుల షెడ్డులో చదువుకునే గది. డెబ్బై మంది దాకా అమ్మాయిలుంటారు. వాళ్లలో సగం మందికి మంచమే ఆఫీసు. నిమిషం నెట్టు పోవడమంటే అక్కడ చిన్న విషయం కాదు, క్లయింటు మీటింగు మధ్యలో బొమ్మ బిగుసుకుపోవడం.

మే నెలలో వైఫై పంచే ఎనిమిది కొత్త యాక్సెస్ పాయింట్లు పెట్టింది నేనే. (ఏపీ అని పొట్టిగా రాస్తే చదివేవాళ్లు రాష్ట్రం అనుకుంటారు. అందుకని ఇక్కణ్నుంచి డబ్బా అంటాను. పిన్ని కూడా అదే అంటుంది.) అన్నింట్లో మీడియాటెక్ చిప్, దాని మీద ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్. 1, 3, 5, 7 నంబర్లు సముద్రం వైపు, కింద నుంచి పైకి. 2, 4, 6 రోడ్డు వైపు. 8 డాబా షెడ్డులో.

అంతకుముందున్న పాత డబ్బాలన్నీ 36, 149 ఛానెళ్ల (వైఫై నడిచే రేడియో దారుల) మీదే కూర్చుని ఒకదాన్నొకటి తోసుకునేవి. 5 గిగాహెర్ట్జ్‌లో 80 మెగాహెర్ట్జ్ వెడల్పుతో పెడితే రాడార్ గొడవ లేని చోట్లు రెండే: 36 నుంచి 48 ఒకటి, 149 నుంచి 161 ఒకటి. మధ్యలో బోలెడు ఖాళీ. 52 నుంచి 64 వరకూ, 100 నుంచి 144 వరకూ. మన దేశంలో 2018 అక్టోబర్ నిబంధనలతో 5150 నుంచి 5350, 5470 నుంచి 5875 మెగాహెర్ట్జ్ వరకూ లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోవచ్చు. ఇంత జాగా ఉండగా అందరం గుమ్మంలోనే నిలబడటం ఎందుకని 3, 7, 8 డబ్బాలను 100 మీదకి, 4ని 52 మీదకి పంపాను. అవి రాడార్లతో పంచుకునే ఛానెళ్లని తెలుసు. ఈ సందులో రాడార్ ఏముంటుందిలే అనుకున్నాను.

సముద్రానికి కిలోమీటరు దూరంలో, నేవీ ఊళ్లో, అలా అనుకున్నాను.

జూన్ 15, ఆదివారం

గేటు దగ్గరే వాచ్‌మన్ అప్పన్న పట్టుకున్నాడు. "ఏటి బాబూ, మళ్లీ పోనాది నెట్టు. అదుగో, ఆ కొండ మీద గుండుందే, అదే సేత్తంది ఇదంతా. తుపాను వస్తే తిరుగుతాదంట కదా."

తల ఎత్తి చూశాను. కైలాసగిరి. వాతావరణ శాఖ వాళ్ల డాప్లర్ రాడార్ ఆ కొండ మీదే ఉంది. డాబా ఎక్కితే ఎదురుగానే ఉన్నట్టుంటుంది. నిజం చెప్పాలంటే పిన్ని ఫోన్ పెట్టేశాక నాకు మొదట తట్టింది కూడా అదే.

7వ డబ్బాలోకి వెళ్లి లాగ్ (అది తన పనులు రాసుకునే చిట్టా) తీశాను. వైఫైని నడిపే హోస్ట్‌ఏపీడీ ప్రోగ్రాం రాసిన లైన్లు వరసగా ఉన్నాయి. రాడార్ డిటెక్టెడ్, ఫ్రీక్వెన్సీ 5500, ఛానెల్ 100, వెడల్పు 80. దాని కింద కొత్త ఛానెల్ 52. దాని కింద వినడం మొదలు, 60 సెకన్లు. నిమిషం తర్వాత వినడం పూర్తి. ఆ నిమిషమే అమ్మాయిల నిమిషం.

ఈ 60 సెకన్ల సంగతి తెలియనివాళ్ల కోసం. ఆర్టీసీ బస్సులో 'స్త్రీలకు' అని రాసిన సీట్లుంటాయి కదా, ఈ మధ్య ఛానెళ్లు సరిగ్గా అలాంటివి. ఖాళీగా ఉంటే మగాళ్లు కూర్చోవచ్చు, ఎవరైనా ఆడవాళ్లు ఎక్కితే లేవాలి. ఇక్కడ సీటు రాడార్‌ది, వైఫై మగాడు. కూర్చునే ముందు 60 సెకన్లు నోరు మూసుకుని వినాలి. కూర్చున్నాక కూడా చెవి అటే ఉంచాలి. రాడార్ పల్స్ వినపడితే 10 సెకన్లలోపు ఛానెల్ ఖాళీ చేసి, 30 నిమిషాల పాటు మళ్లీ అటు రాకూడదు. దీనికే డీఎఫ్ఎస్ (డైనమిక్ ఫ్రీక్వెన్సీ సెలెక్షన్) అని పేరు. ఈ బ్యాండ్లను వైఫైకి ఇస్తూ 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు పెట్టిన షరతు ఇది. ఈ ఛానెళ్లు వాడే 5 గిగాహెర్ట్జ్ డబ్బాలన్నీ దీన్ని మోసుకుంటూనే పుట్టాలి.

రాడార్ దొరికిన మాట సరే. ఎన్నిసార్లు, ఎక్కడెక్కడ అన్నది తేల్చాలంటే మూడు డబ్బాల లాగ్‌లు పక్కపక్కన పెట్టాలి. పెట్టాను. 3లో ఒక టైము, 7లో ఒక టైము, 8లో ఏకంగా మూడు రోజుల కిందటి తారీఖు. వీటిలో బ్యాటరీ గడియారం ఉండదు. కరెంటు పోయి వచ్చాక, నెట్టు నుంచి టైము తెచ్చుకునే దాకా, డబ్బా తనకి గుర్తున్న ఏదో పాత టైముతో బండి నడిపిస్తుంది. మూడింటిలోనూ ఆ టైము ఇచ్చే ఎన్‌టీపీ సర్వర్ పేరు నేనే తప్పు కొట్టాను. ఒక అక్షరం. మూడింటికీ కాపీ చేసిన ఒకే తప్పు.

అది సరిచేసి, లాగ్‌లన్నీ ఆఫీసు గదిలో ఉన్న పాత కంప్యూటర్‌కి చేరేలా పెట్టి ఇంటికొచ్చేశాను. డబ్బా రీస్టార్ట్ అయితే దాని లోపలి లాగ్ తుడిచిపెట్టుకుపోతుంది. బయటికి పంపకపోతే సాక్ష్యం మిగలదు.

జూన్ 17, మంగళవారం

రెండు రోజుల లాగ్ చేతికొచ్చింది. గంటసేపు దాని ముందు కూర్చున్నాను.

ముందు కొండ సంగతి. కైలాసగిరి రాడార్ ఎస్ బ్యాండ్‌ది. అంటే దాదాపు 2.7 నుంచి 2.9 గిగాహెర్ట్జ్, పది సెంటీమీటర్ల తరంగం. నా డబ్బాలు వింటున్నది 5.5 దగ్గర. కోస్తాలో తుపాన్లను చూడటానికి ఎస్ బ్యాండ్ ఎందుకు పెడతారంటే, కుండపోత వానలో ఐదు సెంటీమీటర్ల సీ బ్యాండ్ తరంగం దారిలోనే నీరసించిపోతుంది, పది సెంటీమీటర్లది వానను చీల్చుకుని వెనకున్నదాన్ని కూడా చూపిస్తుంది. కొండ మీది గుండు నిర్దోషి. అప్పన్నకి చెప్పాను. "మరైతే ఏటి?" అన్నాడు. మంచి ప్రశ్న.

ఇప్పుడు లాగ్. రెండు రోజుల్లో 8వ డబ్బాలో పంతొమ్మిది రాడార్లు. 7లో మూడు. 3లో రెండు. మూడూ ఉన్నది ఒకే ఛానెల్ మీద, నిలువుగా ఒకదాని కింద ఒకటి. నిజంగా పంతొమ్మిదిసార్లు రాడార్ తిరిగి ఉంటే, పది అడుగుల కింద ఉన్న 7కి పదహారుసార్లు చెవుడు వచ్చిందా?

టైములు పక్కపక్కన పెట్టాను. 15వ తేదీ రాత్రి 11:42:07కి మూడు డబ్బాలూ ఒకే సెకనులో అరిచాయి. 16వ తేదీ మధ్యాహ్నం 2:20కి మూడూ మళ్లీ ఒకే సెకను. 17 తెల్లవారుజామున 8, 7 మాత్రమే. 3 అప్పటికి వేరే ఛానెల్‌కి వెళ్లిపోయి ఉంది. మిగతా పదహారుసార్లూ 8 ఒక్కటే.

అంటే జబ్బులు రెండు. గోడల అవతల, అంతస్తుల అవతల ఉన్న డబ్బాలు ఒకే సెకనులో ఒకే మాట చెబితే అది బయటి నుంచి వచ్చిందే, నిజం రాడారే. ఒక్కటే పదేపదే అరుస్తుంటే ముందు దాని చుట్టుపక్కల చూడాలి. ఈ తేడా కనిపెట్టడానికి గడియారాలు కలవాలి, అంతే. రెండు వారాలుగా నేను చేయనిది ఆ ఒక్కటే.

నిజం రాడార్ ఎవరిది అంటే, తూర్పు నౌకాదళం ఉన్న ఊళ్లో ఆ ప్రశ్న అడగకూడదు, అడిగినా ఎవరూ చెప్పరు. 5250 నుంచి 5350 వరకూ, 5470 నుంచి 5725 వరకూ రాడార్లే అసలు ఇంటివాళ్లు, మనం అద్దెకున్నవాళ్లం. ఇంటివాళ్ల వేళలు మనకనవసరం.

రాత్రి ఒక పని చేశాను. రాడార్ వచ్చినప్పుడు 7, 8 ఎగిరి 52 మీదకి వెళ్లి అక్కడున్న 4తో తన్నుకుంటున్నాయి. ఇది ఆపాలని, ఆ రెండూ ఎక్కడికి దూకవచ్చో చెప్పే ఛానెళ్ల జాబితాలో 52 నుంచి 64 తీసేశాను. ఈ పని గురించి రేపు రాస్తాను.

జూన్ 18, బుధవారం

రాస్తున్నాను. పొద్దున 9:50 నుంచి 10:20 దాకా మూడో అంతస్తులో 5 గిగాహెర్ట్జ్ వైఫై అసలు లేదు. నిమిషం కాదు, అరగంట.

నేను మే నెలలో జాబితాలో రెండే ముక్కలు పెట్టాను: 52-64, 100-112. 36, 149 రద్దీగా ఉన్నాయి కాబట్టి అటు పోకూడదని నా తెలివి. నిన్న అందులో ఒక ముక్క తీసేశాను. మిగిలింది 100-112 ఒక్కటే. పొద్దున రాడార్ వినపడింది. 80 వెడల్పులో ఎక్కడ తగిలినా నాలుగు ఛానెళ్లూ కలిపి అరగంట మూతే. డబ్బా జాబితా చూసుకుంది, పోవడానికి చోటు లేదు. చట్టానికి కట్టుబడిన బుద్ధిమంతురాలిలా రేడియో ఆపేసి ముప్ఫై నిమిషాలు కూర్చుంది.

తిట్టాల్సింది నన్నే. కానీ ఈ దెబ్బతోనే అసలు విషయం వెలిగింది. మొదటి నుంచీ ఆ నిమిషం చావు రాడార్ వల్ల కాదు, నా జాబితా వల్ల. రాడార్ వినపడ్డాక డబ్బా 36కో 149కో వెళితే వినాల్సిన పని లేదు. "ఫలానా ఛానెల్‌కి పోతున్నా, వచ్చేయండి" అని బీకన్‌లో (నేనిక్కడున్నానని డబ్బా మాటిమాటికీ వేసే కేకలో) ఒక మాట చెప్పి దూకేస్తుంది. ఆ మాట వినగల ఫోన్లు వెనకే దూకుతాయి, మాట్లాడుతున్నవాళ్లకి తెలియను కూడా తెలియదు. నేను ఆ దారి మూసేశాను. దాంతో అది ఒక రాడార్ ఛానెల్ నుంచి ఇంకో రాడార్ ఛానెల్‌కి పోతోంది. కొత్త చోట మళ్లీ 60 సెకన్లు వినాలి. వినేటప్పుడు నోరు మూసుకోవాలి.

సాయంత్రం వెళ్లి మూడు డబ్బాల జాబితాల్లోనూ 36-48, 149-161 చేర్చాను. పిన్నికి కారణం చెప్పలేదు. "సరిచేశాను" అన్నాను. పిన్ని "ఊఁ" అంది. అమ్మ స్నేహితురాళ్ల ఊఁ లో చాలా ఉంటుంది.

జూన్ 21, శనివారం

ఈరోజు షెడ్డు. ఎనిమిదో డబ్బా కథ.

పిన్నికి రోడ్డవతల ఇంకో చిన్న మేడ ఉంది. దానికి నెట్టు ఇక్కణ్నుంచే, డాబా మీద పెట్టిన చిన్న డిష్ లాంటి బ్రిడ్జి రేడియోతో. అది కూడా 5 గిగాహెర్ట్జే. పాత ఇన్‌స్టాలర్ ఎవరో రెండేళ్ల కిందట బిగించాడు. షెడ్డు రేకుల మీద, ఒక ఇనప గొట్టానికి. నేను మే నెలలో షెడ్డు లోపల 8వ డబ్బాను కేబుల్ దగ్గరగా ఉంటుందని ఎక్కడ బిగించానంటే, సరిగ్గా ఆ గొట్టం కింద. టేపు పెట్టి కొలిచాను. మధ్యలో రేకు, 70 సెంటీమీటర్లు.

రాడార్ పల్స్ అంటే సన్నని, బలమైన, లయగా వచ్చే చప్పుడు. డబ్బా చూసేది పల్స్ ఎంత వెడల్పు, ఎంతసేపటికి ఒకటి, ఎంత బలం అన్నవే. మైనస్ 62 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత) దగ్గర, ఎక్కువ పవర్ ఉన్న డబ్బాలకి మైనస్ 64 దగ్గర గీత. దాని పైన వినిపించే పల్స్‌లను వదిలిపెట్టకూడదు. అంత దగ్గరలో ఇంకో రేడియో దుమ్ము రేపుతుంటే, అది పక్క ఛానెల్‌లో ఉన్నా సరే, ఆ తెంపులు తెంపులుగా వచ్చే ప్యాకెట్ల అంచులు కొన్నిసార్లు రాడార్ లయలా వినిపిస్తాయి. గుడి గంటకీ, ఐస్ బండి గంటకీ తేడా దూరం నుంచి తెలుస్తుంది, చెవి దగ్గర కొడితే తెలియదు.

అనుమానమే కదా, పరీక్ష పెట్టాలి. మధ్యాహ్నం అవతల మేడ వాళ్లకి చెప్పి బ్రిడ్జి రేడియో గంటన్నర ఆపేశాను. 8లో ఒక్క రాడార్ లేదు. ఆన్ చేసి, అవతలి ల్యాప్‌టాప్ నుంచి పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ పెట్టాను. పదకొండు నిమిషాలకి మొదటిది, ఇంకో ఏడు నిమిషాలకి రెండోది. ఫైల్ ఆగింది, రాడార్ ఆగింది.

డబ్బాను షెడ్డులో అవతలి మూలకి మార్చాను. ఆరు మీటర్లు, మధ్యలో ఒక ఇటుక గోడ. మధ్యాహ్నం రెండింటికి జూన్ ఎండలో రేకుల షెడ్డు కింద నిచ్చెన మీద నిలబడి డ్రిల్లు పట్టుకోవడం గురించి ఏమీ రాయను. అప్పన్న మజ్జిగ తెచ్చిచ్చాడు, అది రాస్తాను. బ్రిడ్జి గొట్టాన్ని కూడా డాబా పిట్టగోడ చివరికి జరపాలి. వెల్డింగ్ మనిషి దొరికాక.

జూన్ 22, ఆదివారం

డాబా మీద కేబుల్ సర్దుతుంటే ఈ వీధికి నెట్టు ఇచ్చే కుర్రాడు వచ్చాడు. సమస్య చెప్పగానే నవ్వేశాడు. "అన్నా, ఇంత కష్టమెందుకు? కంట్రీ కోడ్ మార్చెయ్. ఏదో ఒక దేశం పెడితే రాడార్ చెకింగ్ పోద్ది. మేమందరం అదే చేస్తాం."

కంట్రీ కోడ్ అంటే ఏ దేశం నియమాల ప్రకారం నడవాలో డబ్బాకి చెప్పే సెట్టింగ్. ఇతనితో వాదించి లాభం లేదు గానీ, ఇక్కడ రాసుకుంటున్నాను. పనిచేయదనేది మొదటి సంగతి. అమెరికా పెట్టు, జపాన్ పెట్టు, యూరప్‌లో ఏ దేశం పెట్టు, ఈ ఛానెళ్లలో డీఎఫ్ఎస్ ఉంటుంది. అది పోయే కోడ్ ఏదైనా దొరికిందంటే, ఇక్కడ అనుమతి లేని పవర్లు, ఛానెళ్లు కూడా దానితో పాటు తెరుచుకోవచ్చు.

రెండోది ప్యూర్టోరికో, అమెరికా కింద ఉన్న కరీబియన్ దీవి. శాన్ హువాన్ విమానాశ్రయం దగ్గర సీ బ్యాండ్ వాతావరణ రాడార్ ఒకటుంది. విమానం దిగే చోట గాలి ఉన్నట్టుండి కిందికి తోసేస్తే, అడ్డంగా తిరిగితే, ముందే చెప్పడం దాని పని. అలాంటివి 5600 నుంచి 5650 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. 2009 ప్రాంతంలో దాని తెర మీద కొన్ని దిక్కుల్లో గీతల్లాంటి చారలు రావడం మొదలైంది. చార ఉన్న దిక్కున వాన ఉందో లేదో తెలియదు. వెతుక్కుంటూ వెళ్లిన అమెరికా అధికారులకి దొరికినవి మేడల మీద, స్తంభాల మీద నెట్టు కంపెనీలు పెట్టిన 5 గిగాహెర్ట్జ్ రేడియోలు. ఆ తర్వాత అక్కడ ఆ ముక్క విషయంలో నియమాలు బిగించారు. యూరప్‌లో ఆ 5600-5650 ముక్కలోకి పోవాలంటే నిమిషం కాదు, పది నిమిషాలు వినాలి.

కుర్రాడికి ఇంత చెప్పలేదు. "విమానాలు దిగే ఊరు కదా తమ్ముడూ" అన్నాను. "అదీ నిజమేలే" అని, వెళ్తూ వెళ్తూ మా బ్రిడ్జి ఏ ఛానెల్‌లో ఉందో అడిగి వెళ్లాడు. వాడి లింకు కూడా పక్క మేడ మీదే ఉందట.

జూన్ 25, బుధవారం

ఛానెళ్ల పంపకం మొత్తం మళ్లీ గీశాను. ఈసారి 80 వద్దు, 40.

పిన్నికి ఇది ఒప్పించడం కష్టం. "వేగం సగం అవుతుందంటావా?" అని అడిగింది. పేపరు మీద అవును. కానీ హాస్టల్‌కి వచ్చే లైనే 200 ఎంబీపీఎస్. దాన్ని డెబ్బై మంది పంచుకుంటారు. 40 వెడల్పులో ఒక్క డబ్బాయే దాన్నంతా లాగేయగలదు. 80 పెట్టి మురిసిపోవడం, చెంబుడు నీళ్లకి గంగాళం పెట్టుకున్నట్టు. అసలు లాభం వేరే ఉంది: రాడార్ ఒకచోట తగిలితే 80లో నాలుగు ఛానెళ్లు మూతపడతాయి, 40లో రెండే. వల చిన్నదైతే తగిలే అవకాశం కూడా చిన్నది. పైగా రాడార్ గొడవ లేని చోట్లు రెండు కాస్తా నాలుగయ్యాయి: 36, 44, 149, 157.

నిజం రాడార్ దొరికింది సముద్రం వైపు డబ్బాలకే. షెడ్డుకి కూడా అనుకోండి, అది నాలుగు వైపులా తెరిచే ఉంటుంది. అందుకని 1, 3, 5, 7 నాలుగింటినీ రాడార్ బ్యాండ్ల నుంచి పూర్తిగా తీసేశాను. 1కి 36, 3కి 157, 5కి 44, 7కి 149. రోడ్డు వైపు 4కి 52, 6కి 60. భవనమే వీటికి గొడుగు. ఈ మూడు వారాల్లో 52లో ఉన్న 4 ఒక్కసారి కూడా అరవలేదు. 8కి 132.

116 నుంచి 128 దాకా అసలు ముట్టుకోలేదు. 40 వెడల్పులో 116 పెట్టినా దాని తోక 5610 దాకా పోతుంది, వాతావరణ రాడార్ల ముక్కని తాకుతుంది. మనకు ఇక్కడ అలాంటిది తగలకపోవచ్చు. అయినా ఎనిమిది డబ్బాలకి చోటు దొరికాక అటు పోవడం దేనికి?

గ్రౌండ్ ఫ్లోర్ హాల్లో 2వ డబ్బా విషయం మాత్రం లెక్కలతో కాదు, టీవీతో తేలింది. మొదట దానికి 60 ఇచ్చాను. హాల్లో టీవీకి ఆ 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ కనిపించడమే మానేసింది. రాడార్ ఛానెళ్లు తెలియని టీవీలు, పాత ల్యాప్‌టాప్‌లు చాలానే ఉన్నాయి. తెలిసిన ఫోన్లు కూడా ఆ ఛానెళ్లలో గట్టిగా పిలవవు, బీకన్ వినపడేదాకా చెవులు రిక్కించి కూర్చుంటాయి. అందుకే అక్కడ నెట్టు దొరకడం కాస్త ఆలస్యం. రాత్రి సీరియల్ టైములో టీవీ ఆగితే ఏమవుతుందో రాడార్ కంటే నాకు బాగా తెలుసు. 2కి 149 ఇచ్చేశాను. 7 కూడా 149లోనే ఉంది గానీ మధ్యలో మూడు స్లాబులు.

ఇక పరీక్ష. నిజం రాడార్ ఎప్పుడొస్తుందా అని కూర్చోలేం కదా. ఈ చిప్ డ్రైవర్‌లో డీబగ్ ఫోల్డర్ కింద రాడార్ ట్రిగ్గర్ అని ఒక ఫైల్ ఉంది. అందులో 1 రాస్తే రాడార్ వచ్చిందని డబ్బాని నమ్మించవచ్చు. ఆరో డబ్బా కింద కూర్చుని, ఒక ఫోన్లో వీడియో కాల్, ఇంకో ఫోన్లో పింగ్ (నెట్టు ఉందా అని మాటిమాటికీ తట్టి చూసేది) పెట్టుకుని, 1 కొట్టాను.

60 నుంచి 44కి దూకింది. పింగ్‌లో రెండు పోయాయి. వీడియో కాల్లో మా ఆవిడ మొహం ఒక్క క్షణం చతురస్రాలైంది, మళ్లీ సర్దుకుంది. "ఏమైంది?" అంది. "రాడార్" అన్నాను. "సరే, వచ్చేటప్పుడు కొత్తిమీర తే."

4, 8 కూడా ఇలాగే దూకాయి. ఈ చిప్‌కి వెనక వింటూ ఉండే విడి రిసీవర్ ఉంది. పని జరుగుతుండగానే ఇంకో రాడార్ ఛానెల్‌ని ముందుగా విని పెట్టుకుంటుంది. ఆ సెట్టింగ్ కూడా ఈ మూడింటికి ఆన్ చేశాను. పాత మోడళ్లలో ఇది ఉండదు. అప్పుడు రాడార్ లేని చోటికి దారి తెరిచి ఉంచడమే గతి.

జూన్ 29, ఆదివారం

ఒకటి మర్చిపోయాను. దూకిన డబ్బా తనంతట తాను వెనక్కి రాదు. అరగంట మూత తీరినట్టు లాగ్‌లో రాసుకుంటుంది, అంతే. కొత్త చోటే హాయిగా ఉంటుంది. శుక్రవారం రాత్రి 8వ డబ్బాకి నిజం రాడార్ తగిలి 149కి వచ్చింది. కిందనే 7 కూడా 149. శనివారమంతా షెడ్డులోనూ మూడో అంతస్తులోనూ నెట్టు ఈడుస్తూనే ఉంది. ఎవరూ పోయిందని అనలేదు, "స్లోగా ఉంది" అన్నారు. పోవడం కంటే ఇది పట్టుకోవడం కష్టం.

క్రాన్‌లో (చెప్పిన టైముకి చెప్పిన పని చేసే ప్రోగ్రాంలో) ఒక లైను పెట్టాను. తెల్లవారుజామున 4 గంటలకి, డబ్బా తన సొంత ఛానెల్‌లో లేకపోతే రేడియోను మళ్లీ మొదలుపెట్టు. నిమిషం వింటుంది, సొంత చోటికి వస్తుంది. నాలుగింటికి ఎవరు మేలుకుంటారు?

మూడో అంతస్తులో ఒకమ్మాయి మేలుకుంటుంది. అమెరికా క్లయింటు. మన నాలుగంటే న్యూయార్క్‌లో ముందురోజు సాయంత్రం ఆరున్నర, కాలిఫోర్నియాలో మూడున్నర. రూమ్మేట్లు నిద్రపోతుంటారని ఆవిడ షెడ్డులో కూర్చుని మాట్లాడుతుందట. ఈ తెల్లవారుజామున ఆవిడ డెమో ఇస్తోంది. దెబ్బ తగిలిన డబ్బా ఒక్కటే, అది సరిగ్గా షెడ్డులోదే.

పిన్ని ఈసారి ఊఁ అనలేదు. చాలా అంది.

హాస్టల్లో అందరూ నెట్టు వదిలేసి ఉండే టైము ఏదని అప్పన్ననే అడిగాను. ఆలోచించకుండా చెప్పాడు: "ఆరుంపావు నుండి ఏడు. గీజర్ల కాడ లైను." క్రాన్ 6:40కి మార్చాను. దానికి ఇంకో షరతు: ఆ డబ్బాకి ఆ క్షణంలో ఐదుగురి కంటే ఎక్కువమంది అంటుకుని ఉంటే ఆ రోజు వదిలెయ్.

జులై 6, ఆదివారం

వారం లాగ్. 8వ డబ్బాలో రాడార్లు పంతొమ్మిది లాంటి అంకెల నుంచి రెండుకి వచ్చాయి. రెండూ రాత్రివే. పక్కన పోల్చడానికి అదే ఛానెల్‌లో ఇంకో డబ్బా ఇప్పుడు లేదు కాబట్టి నిజమా కాదా అని ఒట్టు వేయలేను. ఆ రెండు సమయాల్లోనూ బ్రిడ్జి లింకులో ట్రాఫిక్ మాత్రం దాదాపు లేదు, అది లాగ్‌లోనే ఉంది. కాబట్టి నా ఓటు నిజం రాడార్‌కే. 4లో సున్నా, 6లో సున్నా.

రెండుసార్లూ 8 వెంటనే దూకింది. మంగళవారం రాత్రి 1:13కి దూకినప్పుడు డెమో అమ్మాయి కాల్‌లోనే ఉంది. ఇవాళ కనిపిస్తే అడిగాను, ఏమైనా తేడా తెలిసిందా అని. "ఏ మంగళవారం?" అంది.

మిగిలిన పనులు: వెల్డింగ్ మనిషి ఇంకా రాలేదు, బ్రిడ్జి గొట్టం ఇంకా పాత చోటే. మూడో అంతస్తు నెట్‌వర్క్ స్విచ్‌కి చిన్న యూపీఎస్ పెట్టాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు 4, 6, 8 మళ్లీ నిమిషం వింటాయి, దానికి వేరే మందు లేదు. పక్క మేడ మీది కుర్రాడు నిన్న ఫోన్ చేసి, వాడి లాగ్‌లు ఎలా చదవాలో చూపిస్తావా అన్నాడు. కంట్రీ కోడ్ ముందు ఇండియా పెట్టు, అప్పుడు వస్తానన్నాను. గురువారం వెళ్తున్నాను.